పనికి పరిసమాప్తి ఎక్కడ?

ఇంటి ముందు నిలిపిన కారు కింద ఒక ఉదయం నల్లని చుక్క ఒకటి కనిపిస్తుంది. మరునాటికి అది రూపాయి బిళ్లంత అవుతుంది. వారం తిరిగేసరికి అరచేయి వెడల్పున మరకగా నేలమీద స్థిరపడిపోతుంది. పాత కారు గల ప్రతి ఇంటికీ పరిచయమైన దృశ్యం ఇది. ఇంజను అడుగున నూనెను నిలువ ఉంచే తొట్టికీ, ఇంజను దిమ్మెకూ నడుమ ఉన్న గాస్కెట్ పాతబడి, గట్టిపడి, తన పని మానుకున్నదనడానికి ఇది మొదటి సూచన కావచ్చు. షెడ్డుకు తీసుకువెళ్లి డబ్బు చెల్లిస్తే తీరిపోయే పనే అది. అయినా దానిని ఇంటి దగ్గరే స్వహస్తాలతో చేసుకుందామని పూనుకునే వ్యక్తికి ఎదురయ్యేవి యాంత్రిక సమస్యలు మాత్రమే కావు. దోషం ఎక్కడిది, ఎవరూ చూడని చోట శ్రద్ధ ఎందుకు, చేసిన పని ఎక్కడ ముగుస్తుంది అనే మూడు ప్రశ్నలకు అతడు సమాధానం చెప్పుకోక తప్పదు. ఈ మూడూ నీతికి సంబంధించిన ప్రశ్నలే. వీటిలో చివరిది అన్నిటికన్నా కఠినమైనది.

తెలుగువారి యానాంను కూడా కలుపుకొన్న కేంద్రపాలిత ప్రాంతానికి ముఖ్యపట్టణమైన పుదుచ్చేరిలో ఈ ప్రశ్నలకు ప్రత్యేకమైన బరువు ఉన్నది. పట్టణం బంగాళాఖాతం ఒడ్డునే ఉన్నది. ఉప్పుగాలి ఇనుపరేకును తొందరగా తింటుంది. కారు అడుగుభాగంలోని బోల్టులు తుప్పుపట్టి బిగుసుకుపోవడం సముద్రతీర పట్టణాలలో సామాన్యం. ఒకప్పుడు ఫ్రెంచివారి వాడనూ, తమిళుల వాడనూ వేరుచేసిన పెద్ద కాలువ నేటికీ పట్టణం నీటిని మోసుకొని సముద్రంలో కలుస్తున్నది. ప్రజలు తాగే నీరు ప్రధానంగా భూగర్భం నుంచే వస్తుంది. కనుక అక్కడ నేలమీద ఒలకబోసిన దేనికైనా రెండే దారులు. ఒకటి కాలువ వెంట కడలికి పోవడం, రెండవది మట్టిలో ఇంకి తాగునీటి పొరలవైపు సాగడం.

అటువంటి పట్టణంలో, అరుగున్న ఒక పాత ఇంటి పక్క సందులో, ఒక గృహస్థు ఆదివారం ఉదయం ఈ పనికి పూనుకున్నాడని ఊహించవచ్చు. అతడు ఫలానా వ్యక్తి అని కాదు. తన వస్తువును తానే బాగుచేసుకోవాలనుకునే ఎవరైనా కావచ్చు.

తొట్టి, పట్టీ

ఇంజనులో ఒకదానితో ఒకటి రాసుకొనే భాగాల మధ్య నూనె పొర ఎల్లప్పుడూ నిలిచి ఉండాలి. పంపు ద్వారా పైకి పోయిన నూనె ఆ భాగాలను తడిపి, వేడిని మోసుకొని, తిరిగి అడుగున ఉన్న తొట్టిలోకి జారుతుంది. ఈ తొట్టినే ఆయిల్ పాన్ అనీ, ఆయిల్ సంప్ అనీ అంటారు. చిన్న కార్లలో సుమారు 3 నుంచి 4 లీటర్ల నూనె ఇందులో ఉంటుంది. తొట్టి పైఅంచును ఇంజను దిమ్మె కింది అంచుకు చిన్న చిన్న బోల్టులతో చుట్టూ బిగిస్తారు. రెండు లోహపు అంచులు ఎంత నునుపుగా కనిపించినా సూక్ష్మంగా చూస్తే ఎగుడుదిగుడులే. ఆ ఎడాన్ని పూరించడానికి నడుమ ఒక మెత్తని పట్టీ వేస్తారు. అదే గాస్కెట్, పనివారి మాటలో ప్యాకింగ్. 2014లో ఉత్పత్తి నిలిచిపోయిన అంబాసిడర్ వంటి పాతతరం కార్లలో కార్కుతో చేసిన పట్టీలు వాడేవారు. తరువాత రబ్బరువి, లోపల ఉక్కు బలం గల రబ్బరువి వచ్చాయి. నేటి అనేక కార్లలో విడి పట్టీయే ఉండదు. ట్యూబు నుంచి పిండిన సిలికాన్ ముద్ద ఆరి తానే పట్టీగా మారుతుంది.

రెండు గట్టి వస్తువుల నడుమ ఒక మెత్తని వస్తువును ఉంచి ద్రవాన్ని ఆపడం నేటి విద్య కాదు. పుదుచ్చేరికి దక్షిణాన, అరియాంకుప్పం నది ఒడ్డున ఉన్న అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపించాడు. సుమారు రెండువేల సంవత్సరాల క్రితం మధ్యధరా ప్రాంతం నుంచి ఓడలలో వచ్చిన ఆంఫోరా జాడీల పెంకులు అక్కడ లభించాయి. ద్రాక్షసారా, ఆలివ్ నూనె వంటి సరకులు ఆ జాడీలలో ప్రయాణించేవి. సారా మట్టిలోనుంచి ఊరిపోకుండా జాడీ లోపల జిగురు పూత పూసి, మూతికి బిరడా బిగించడం ఆనాటి పనివారికి తెలిసిన పద్ధతి. ఒక దేశపు సరకు మరొక దేశానికి చెక్కుచెదరకుండా చేరడానికి ఆ పూతా, ఆ బిరడా ఎంత ముఖ్యమో, వాటిని శ్రద్ధగా అమర్చిన అజ్ఞాత హస్తం కూడా అంతే ముఖ్యం. ఓడ పేరు, వర్తకుడి పేరు చరిత్రలో నిలిచినా నిలవకపోయినా, బిరడా బిగించిన వాని పేరు మాత్రం ఎక్కడా నిలవలేదు.

దోషం కనిపించే చోటు, పుట్టే చోటు

స్పానరు చేతపట్టడానికి ముందే గృహస్థు తీర్పరి కావలసి ఉంటుంది. నూనె ఎప్పుడూ కిందికే జారుతుంది. పైన వాల్వు కవరు దగ్గర పుట్టిన లీకు ఇంజను పక్కల వెంట దిగి, ఆయిల్ పాన్ అంచునుంచే చుక్కగా రాలుతుంది. ఆయిల్ ఫిల్టరు వదులైనా, క్రాంక్ షాఫ్టు వెనుక సీలు అరిగినా, డ్రెయిన్ ప్లగ్ కింది వాషరు పాతబడినా చివరకు నింద ఆయిల్ పాన్ గాస్కెట్ మీదనే పడుతుంది. అనుభవం గల పనివాడు వెంటనే బోల్టులు విప్పడు. ఇంజనును శుభ్రంగా తుడిచి, కొంతదూరం నడిపి, తడి మొట్టమొదట ఎక్కడ పుట్టిందో పైనుంచి కిందికి పరిశీలిస్తాడు.

తర్కశాస్త్రం తెలిసిన వారికి ఇది కొత్త విషయం కాదు. ఆయిల్ పాన్ అంచు తడిసి ఉన్నదన్న హేతువు గాస్కెట్ చెడిన చోటా కనిపిస్తుంది, చెడని చోటా కనిపిస్తుంది. అటువంటి హేతువుతో చేసిన నిర్ణయాన్ని నైయాయికులు ఒప్పుకోరు. సవ్యభిచారం అనే హేత్వాభాసంగా దానిని త్రోసిపుచ్చుతారు. మనుషుల వ్యవహారంలో కూడా ఇదే పొరపాటు తరచుగా జరుగుతుంది. కార్యాలయంలో పై అంతస్తున జరిగిన అజాగ్రత్త మెట్లు దిగి దిగి చివరకు కింది గుమాస్తా బల్లమీద చుక్కగా రాలడం అరుదు కాదు. చుక్క రాలిన చోటునే శిక్షించే అధికారి గాస్కెట్‌ను మార్చి లీకును అలాగే ఉంచిన మెకానిక్కు వంటివాడు. కొత్త గాస్కెట్ వేసిన మరునాడు నేలమీద మళ్లీ చుక్క కనిపిస్తుంది. యంత్రం అబద్ధపు తీర్పును ఒక్క రాత్రిలో బయటపెడుతుంది. మనుషుల విషయంలో అది బయటపడడానికి ఒక్కొక్కసారి ఒక జీవితకాలం పడుతుంది.

స్వహస్తం

డబ్బిస్తే మరొకరు చేసిపెట్టే పనిని తానే చేయడం దేనికన్నది సహజంగా వచ్చే ప్రశ్న. ఖర్చు కలిసి వస్తుందన్న సమాధానం అంత బలమైనది కాదు; పనిముట్ల వెల, పోయిన ఆదివారం, మసిబారిన దుస్తులు లెక్కవేస్తే మిగిలేది స్వల్పమే. దీనికన్నా గట్టి సమాధానం వేరే ఉన్నది. తన జీవితాన్ని మోస్తున్న వస్తువు ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడం ఒక విధమైన స్వాతంత్ర్యం. అమెరికా రచయిత రాబర్ట్ పిర్సిగ్ 1974లో ప్రచురించిన ప్రసిద్ధ గ్రంథంలో మోటారు సైకిలు సంరక్షణనే ఆధారం చేసుకొని, గుణం అంటే ఏమిటన్న తాత్త్విక చర్చ సాగించాడు. యంత్రానికీ మనసుకూ నడుమ గోడ లేదని ఆ గ్రంథాన్ని చదివిన వారికి బోధపడుతుంది.

భారతదేశంలో ఈ ప్రశ్నకు మరొక కోణం కూడా ఉన్నది. మహానవమినాడు పనిముట్లకు పసుపు కుంకుమలు పెట్టి పూజించే ఆచారం దక్షిణాదిన ఇంటింటా ఉన్నది. కారుకు కూడా పూలదండ పడుతుంది. పనిముట్టును పూజించే సమాజమే, దానిని పట్టి పనిచేసే చేతిని తరతరాలుగా తక్కువగా చూసింది. చేతికి మసి అంటని వృత్తి గౌరవప్రదమనీ, అంటే వృత్తి హీనమనీ భావించిన మనస్తత్వం నేటికీ పూర్తిగా పోలేదు. ఒక ఉద్యోగి తన కారు కింద వెల్లకిలా పడుకొని, మొండికేసిన తుప్పు బోల్టుతో గంటసేపు పెనుగులాడినప్పుడు ఆ పూజకు అర్థం తెలుస్తుంది. మెకానిక్కు జీవనోపాధికి ఇది గండి కొట్టడం కాదా అని అడగవచ్చు. ఒక్కసారి ఆ పని చేసి చూసినవాడు మళ్లీ షెడ్డుకు పోయినప్పుడు కూలి దగ్గర బేరమాడడానికి వెనుకాడతాడు. మెకానిక్కుకు అతడు చేసే నష్టం కన్నా ఆ గౌరవం వల్ల కలిగే మేలే ఎక్కువ.

అయితే స్వాతంత్ర్యానికి షరతు ఉన్నది. జాకీ ఒక్కటే ఆధారంగా ఎత్తిన కారు కిందికి దూరడం ధైర్యం కాదు, అవివేకం. గట్టి సమతలమైన నేలమీద, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, బరువును మోయగల స్టాండ్ల మీద కారును నిలిపిన తరువాతనే లోపలికి పోవాలి. నూనె చేయి కాలనంతగా చల్లారాలి. చేతులకు తొడుగులు ఉండాలి. ఈ జాగ్రత్తలు శరీరరక్షణకు మాత్రమే సంబంధించినవి కావు. కారు కింద ఉన్న మనిషి మీద ఆధారపడినవారు ఇంట్లో ఉన్నారు. తన ప్రాణాన్ని తేలికగా పణం పెట్టడానికి అతనికి పూర్తి హక్కు లేదు.

స్వహస్తంతో చేయడంలో ఇంకొక విశేషం ఉన్నది. షెడ్డులో పని పలువురి మధ్య విభజన అయి ఉంటుంది. ఒకరు విప్పుతారు, ఒకరు బిగిస్తారు, వేరొకరు మురికినూనె డబ్బాను ఎక్కడికో మోసుకుపోతారు. కారు యజమాని బిల్లు చెల్లించి వస్తాడు. నూనె ఎటు పోయిందో అతనికి తెలియదు, తెలియనందువల్ల అడగడు, అడగనందువల్ల తనకు బాధ్యత లేదనుకుంటాడు. ఇంటి దగ్గర ఆ తెర ఉండదు. పనిని పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నవాడు దాని మంచితోపాటు దాని మలినాన్ని కూడా తన చేతిలోకి తీసుకున్నట్లే.

ఎవరూ చూడని అంచు

డ్రెయిన్ ప్లగ్ విప్పి నూనెను బేసినులోకి వంచి, బోల్టులన్నీ తీసి తొట్టిని దింపిన తరువాత అసలు పని మొదలవుతుంది. పాత గాస్కెట్ ముక్కలు రెండు అంచులకూ కరుచుకొని ఉంటాయి. వాటిని ఓపికగా గీకాలి. అల్యూమినియం అంచు మీద ఉక్కు ఉలి జారితే పడిన గాటే రేపటి లీకు అవుతుంది. అంచులమీద నూనె తడి అణుమాత్రం మిగిలినా సిలికాన్ పట్టు చిక్కదు. గతంలో ఎవరో అతిగా బిగించినందువల్ల బోల్టు రంధ్రాల చుట్టూ రేకు ఉబ్బి ఉంటే, కింద చెక్క ఆనించి సుత్తితో మెల్లగా తట్టి చదును చేయాలి. పూర్వపు పనివాని తొందరపాటుకు తరువాతివాడు తీర్చే రుణం ఇది.

కొత్త పట్టీ అమర్చాక బోల్టులను మధ్యనుంచి మొదలుపెట్టి, ఎదురెదురుగా, రెండు మూడు విడతలలో బిగిస్తారు. తయారీదారు పుస్తకంలో చెప్పే బిగువు చాలా కార్లలో 10 న్యూటన్-మీటర్లకు అటూ ఇటూగా ఉంటుంది. అది చాలా తక్కువ బలం. ఎంత గట్టిగా బిగిస్తే అంత భద్రమనుకోవడం సహజమైన పొరపాటు. అతిగా బిగిస్తే పట్టీ నలిగి పక్కకు పొంగుతుంది, చీలుతుంది. లేదా బోల్టు మర పోతుంది. లీకును ఆపాలన్న ఆత్రుతే లీకుకు కారణమవుతుంది. పిల్లల పెంపకంలోనూ, ఉద్యోగుల మీద పర్యవేక్షణలోనూ ఈ సత్యాన్ని ఎరిగినవారు ఉన్నారు. ఎరగనివారు అంతకన్నా ఎక్కువగా ఉన్నారు.

ఈ అంచును ఇక ఎవరూ చూడరు. కారును అమ్మినా కొన్నవాడు చూడడు. శుభ్రం చేయకుండా బిగించినా మొదటివారం తేడా తెలియకపోవచ్చు. చూసేవారు లేనప్పుడు శ్రద్ధను నిలబెట్టేది ఏమిటన్న రెండవ ప్రశ్నకు యంత్రం ఇచ్చే సమాధానం సులభమైనది: అంచు సరిగా లేకపోతే నూనె కారుతుంది. శిక్ష ఆలస్యంగానైనా చేసినవాని వాకిట్లోనే కనిపిస్తుంది. కనుక ఇక్కడ శ్రద్ధకు స్వప్రయోజనం తోడు నిలుస్తున్నది. నీతికి అసలైన పరీక్ష, ఆ తోడు లేని చోట ఎదురవుతుంది.

బేసినులోని నాలుగు లీటర్లు

సిలికాన్ ఆరవలసినంత సేపు ఆరింది. కొత్త నూనె పోశారు. ఇంజను నడిపి చూశారు. అంచు పొడిగా ఉన్నది. గృహస్థు చేతులు కడుక్కోవడానికి లేస్తాడు. పక్కనే బేసినులో సుమారు 4 లీటర్ల నల్లని నూనె ఉన్నది. సందు చివర కాలువ ఉన్నది. ఆదివారం మధ్యాహ్నం, చూసేవారు లేరు.

ఈ ఘట్టంలోని వైరుధ్యాన్ని గమనించాలి. ఇంత శ్రమకూ మూలం నేలమీద రాలిన ఒక చుక్క. తన వాకిట్లో పడిన ఆ చుక్కను సహించలేకనే అతడు కారు కిందికి దూరాడు. అదే మనిషి అదే రోజున 4 లీటర్లను ఊరి కాలువలో పోయడానికి వెనుకాడకపోతే, అతనికి అసహ్యం కలిగించినది కాలుష్యం కాదు, తన ప్రాంగణం మురికి కావడమే అని ఒప్పుకోవలసి వస్తుంది. ఇంటి ప్రహరీయే అతని మనస్సాక్షికి గాస్కెట్ అయిందన్నమాట. లోపలిది లోపల శుభ్రం, బయటిది ఎవరిదో.

దీనికి చెప్పే సమర్థనలు మూడు. ఊరు మొత్తం మీద ఈ 4 లీటర్లు ఎంత అన్నది మొదటిది. కర్మాగారాలే విషాన్ని వదులుతుండగా గృహస్థును పట్టి అడగడమెందుకన్నది రెండవది. పారబోయడం ఎందుకు, ఎవరికైనా ఇస్తే పనికివస్తుంది గదా అన్నది మూడవది. మూడవదానిలో కొంత నిజం ఉన్నది. వాడిన ఇంజను నూనెను చెదలు పట్టకుండా దుంగలకు పూయడం, ఇంటి కప్పు వేసేటప్పుడు సెంట్రింగు పలకలకు రాయడం చాలాచోట్ల జరిగేదే. అయితే ఆ నూనె చివరకు చేరేది మట్టికే. దారి కొంచెం పొడవైనదే తప్ప గమ్యం మారలేదు.

మొదటి సమర్థనకు విజ్ఞానశాస్త్రం సమాధానం చెబుతుంది. వాడిన నూనెలో ఇంజను భాగాల నుంచి అరిగిన లోహకణాలు, ఇంధనం మండినప్పుడు పుట్టే హానికరమైన హైడ్రోకార్బన్లు చేరి ఉంటాయి. అది నీటిమీద పలుచని పొరగా పరుచుకొని గాలిలోని ప్రాణవాయువు నీటికి అందకుండా అడ్డుపడుతుంది. ఒక్క కారులో ఒకసారి మార్చిన నూనె 10 లక్షల గాలన్ల, అంటే సుమారు 38 లక్షల లీటర్ల మంచినీటిని పాడుచేయగలదని అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ హెచ్చరించింది. చుక్కలు కలిస్తేనే లీకు అయిందని గ్రహించినవాడు, ఇళ్లు కలిస్తేనే ఊరు అయిందని గ్రహించలేకపోవడం విచిత్రం.

రెండవ సమర్థనకు చట్టం సగం సమాధానమే చెబుతుంది. 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం కింద 1989లో ప్రమాదకర వ్యర్థాల నియమాలు వచ్చాయి. 2016లో వచ్చిన కొత్త నియమాల పరిధిలో వాడిన నూనె కూడా ఉన్నది. 2023లో చేసిన సవరణ ద్వారా, వాడిన నూనెను తిరిగి సేకరింపజేసి శుద్ధికి చేర్చే బాధ్యతను 2024 ఏప్రిల్ 1 నుంచి నూనె ఉత్పత్తిదారుల మీద, దిగుమతిదారుల మీద ఉంచారు. నూనె వాడినందువల్ల పూర్తిగా నశించదు, మలినమవుతుంది. తిరిగి శుద్ధిచేస్తే మళ్లీ మూలనూనె అవుతుంది. కనుక ఈ నియమాలకు శాస్త్రీయమైన ఆధారం ఉన్నది. కాని ఇంటి పక్క సందులోకి ఆదివారం మధ్యాహ్నం తొంగిచూసే అధికారి ఏ ప్రభుత్వంలోనూ ఉండడు. చట్టం కర్మాగారపు గేటు దగ్గర నిలబడగలదు. గృహస్థు బేసిను దగ్గర నిలబడవలసినది అతని వివేకమే.

ప్రతిపత్తికర్మ

పని ముగింపును గురించి భారతీయ చింతనలో లోతైన ఆలోచన ఒకటి ఉన్నది. పూర్వమీమాంసకులు యజ్ఞంలోని క్రియలను విభజిస్తూ ప్రతిపత్తికర్మ అనే ఒక వర్గాన్ని గుర్తించారు. యజ్ఞంలో తన ఉపయోగం తీరిపోయిన ద్రవ్యాన్ని తగిన చోట విడిచిపెట్టడమే ఆ కర్మ. దీక్షలో ఉన్న యజమాని ఒళ్లు గోకుకోవడానికి వాడిన కృష్ణమృగపు కొమ్మును, దక్షిణ ఇచ్చిన తరువాత చాత్వాలమనే గుంటలో వేయాలన్న విధి దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ వేయడం వల్ల కొత్త ఫలమేదీ రాదు. కొమ్ము పని అప్పటికే అయిపోయింది. అయినా దానిని ఎక్కడ పడితే అక్కడ పారవేయడానికి వీలులేదు. అది కూడా విధిలోని భాగమే. వాడిన వస్తువు పట్ల కర్తవ్యం, వాడకం పూర్తి కావడంతో తీరిపోదని ఆ శాస్త్రకారులు గ్రహించారు.

దీనికి ఒక ఆక్షేపణ రావచ్చు. సోమయాగం చివర అవభృథంలో సోమరసం అంటిన పాత్రలను నీటిలోనే విడిచేవారు గదా. పూర్వులు నీటికి అప్పగించిన దానిని నేటివారు అప్పగిస్తే తప్పేమిటని అడగవచ్చు. ఆనాడు నీటిలో విడిచినది నీరు అరిగించుకోగల మట్టి, కట్టె, మొక్కల పిప్పి. తగిన చోటు అన్నది ద్రవ్యస్వభావాన్ని బట్టి నిర్ణయమవుతుంది. భూగర్భం లోతులనుంచి తోడి, కర్మాగారంలో శుద్ధిచేసి, లోహపు పొడితో కలుషితమైన ద్రవ్యానికి నీరు తగిన చోటు కాదు. శుద్ధి కర్మాగారమే దానికి చాత్వాలం.

తగని చోట పారవేసినది మాయమైపోదన్న సంగతిని అరికమేడు పెంకులు ఇప్పటికే చెబుతున్నాయి. జాడీలలోని సారాను తాగినవారు లేరు, అమ్మినవారు లేరు. వారు అక్కరలేదని పారవేసిన పెంకులు మాత్రం మిగిలి, వారిని గురించి సాక్ష్యం చెబుతున్నాయి. మట్టిపెంకు నిరపాయమైన సాక్షి. నూనె అటువంటిది కాదు.

ఆయి చెరువు

పుదుచ్చేరి భారతి పార్కులో ధవళవర్ణపు మంటపం ఒకటి ఉన్నది. ఆయి మంటపమని దాని పేరు. ఆ కేంద్రపాలిత ప్రాంత ప్రభుత్వ చిహ్నంలో కనిపించేది కూడా అదే. దాని వెనుక ఉన్న జనశ్రుతిలో తెలుగువారికి చిరపరిచితుడైన ఒక పాత్ర ఉన్నది. 1509 నుంచి 1529 వరకు పాలించిన శ్రీకృష్ణదేవరాయలు ఆ ప్రాంతంలో పర్యటిస్తూ, దీపకాంతులతో వెలుగుతున్న ఒక భవనాన్ని చూసి దేవాలయమనుకొని నమస్కరించాడట. అది ఆయి అనే వేశ్య ఇల్లని తెలిసి ఆగ్రహించి, కూలగొట్టవలసిందని ఆజ్ఞాపించాడట. తన ఇంటిని తానే కూల్చుకోవడానికి గడువు ఇమ్మని ఆయి వేడుకొని, ఆ స్థలంలో ప్రజలకోసం చెరువు తవ్వించిందట.

ఈ కథలో దోషం ఎక్కడ పుట్టిందో ఆలోచించదగినది. పొరబడినది రాజు చూపు. శిక్ష పడినది ఆమె ఇంటికి. పైన పుట్టిన లీకు కింద రాలిన సందర్భమే ఇది. ఆముక్తమాల్యదలోని రాజనీతిలో చెరువుల, కాలువల ఆవశ్యకతను చెప్పిన రాజు విషయంలోనే ఈ కథ చెప్పుకోవడం జనుల చమత్కారం కావచ్చు. తనది కాని దోషానికి శిక్ష అనుభవించిన ఆయి, ఆ శిక్షను కూడా తన చేతిలోకి తీసుకున్నది. కూల్చే పనిని కూల్చడంతో ముగించలేదు, నీటితో ముగించింది.

కథ ఎంతవరకు చరిత్ర అన్నది వేరే విషయం. 19వ శతాబ్దంలో పట్టణంలో మంచినీటికి కటకట ఏర్పడినప్పుడు, ఆమె పేరుతో చెప్పుకొనే ముత్తిరపాళయం జలాశయం నుంచి ఫ్రెంచి ఇంజనీర్లు కాలువ ద్వారా పట్టణానికి నీరు తెచ్చారు. మూడవ నెపోలియన్ కాలంలో దానికి స్మారకంగా మంటపం వెలసింది. ఒక రాజ్యం ఆమె ఇంటిని కూల్చమన్నది. శతాబ్దాల తరువాత మరొక రాజ్యం ఆమెకు మంటపం కట్టించింది. రెండు రాజ్యాలూ పోయాయి. నీటి అవసరం పోలేదు. ఆ పట్టణంలోనే, ఆ నేలమీదనే, బేసిను ముందు నిలబడిన గృహస్థు ఉన్నాడు. ఒకరి ఇల్లు నీరుగా మారిన చోట, మరొకరి ఇంటి మురికి ఆ నీటిలో కలవడమా అన్నదే అతని ముందున్న ప్రశ్న.

మిగిలిన పని

వ్యక్తి వివేకం మీదనే మొత్తం భారం వేయడం కూడా న్యాయం కాదు. నూనె డబ్బా వీధివీధినా దొరుకుతుంది. వాడిన నూనెను తిరిగి తీసుకొనేవారిని మాత్రం వెదుక్కోవలసి వస్తే, సామాన్యుడు కాలువవైపు చూడడంలో ఆశ్చర్యం లేదు. నూనె అమ్మే చోటనే వాడిన నూనెను పుచ్చుకొనే ఏర్పాటు, దానిని శుద్ధికి చేర్చే బాధ్యత, ఆ సంగతి డబ్బామీద ప్రజల భాషలో ముద్రించడం పాలకులూ ఉత్పత్తిదారులూ చేయదగిన పనులు. 2024 నుంచి అమలులోకి వచ్చిన నియమాల సార్థకత ఇటువంటి చిన్న ఏర్పాట్ల మీదనే ఆధారపడి ఉంటుంది. ధర్మం ఆచరించడానికి అసాధారణమైన పట్టుదల అవసరమైతే, దానిని ఆచరించేవారు కొద్దిమందే ఉంటారు. దారి సులభమైతే అదే అలవాటవుతుంది.

అయినా ఏర్పాటు జరిగేదాకా నిరీక్షించే హక్కు బేసినులోని నూనెకు లేదు. గృహస్థు దానిని గరాటుతో పాత నూనె డబ్బాలోకి వంచి, మూత బిగిస్తాడు. నీళ్లుగాని, కిరోసిన్‌గాని, బ్రేకు నూనెగాని అందులో కలవనివ్వడు. కలిస్తే అది శుద్ధికి పనికిరాకుండా పోవచ్చు. పాత ఫిల్టరును తలకిందులుగా పెట్టి అందులోని నూనెను కూడా వంచుతాడు. నూనె తుడిచిన గుడ్డలను వేరే మూటకడతాడు. నేలమీద ఒలికిన నాలుగు చుక్కలమీద రంపపు పొట్టు చల్లి, ఊడ్చి, దానిని కూడా అదే మూటలో కలుపుతాడు.

సోమవారం ఉదయం కారు కింద పరిచిన పాత వార్తాపత్రిక పొడిగా ఉంటుంది. గాస్కెట్ పని ముగిసిందనడానికి ఆ కాగితం సాక్ష్యం. గృహస్థు పని మాత్రం అప్పటికి ముగియలేదు. గోడ వారగా ఉన్న డబ్బా, వాడిన నూనెను సేకరించి శుద్ధికి పంపే సర్వీసు కేంద్రానికి చేరవలసి ఉన్నది. దానిని అక్కడ అప్పగించి వట్టి చేతులతో ఇంటికి తిరిగి వచ్చినప్పుడే, ఆదివారం ఉదయం మొదలుపెట్టిన పని పూర్తి అయినట్లు.